సూది దిగని తారు

దైవసహాయం సారుకు ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. తారు గట్టి పదార్థమా, పారే పదార్థమా అని కొత్తగా చేరిన విద్యార్థి ఒకడు అడిగినప్పుడు ఆయన సుత్తి చేతికిచ్చి, పళ్ళెంలో ఉన్న తారుగడ్డను కొట్టమన్నాడు. దెబ్బకు గడ్డ పెళ్ళున పగిలి ముక్కలయింది. "గట్టిదే సార్" అన్నాడు వాడు సంబరంగా. "ఆ ముక్కలట్లనే ఉండనీ. సెలవులు అయినాక వచ్చి చూడు" అన్నాడాయన. సెలవులయ్యాక చూస్తే పళ్ళెంలో ఒక్క ముక్క లేదు. ఎవరూ నిప్పు చూపకుండానే అంతా కలిసిపోయి నున్నగా పరుచుకుని ఉంది. వాడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "నేనేమీ చెప్పలేదు గదప్పా, రెండూ నువ్వే చూసినావు" అని సారు తన పనిలో పడ్డాడు. ఇలాంటి గురువు దగ్గర చదువుకోవడం అందరి వల్లా అయ్యేది కాదు. నోట్సు చెప్పి రాయించే గురువులను వెతుక్కుంటూ సగం మంది మొదటి ఏడాదే వెళ్ళిపోయేవారు. మిగిలినవాళ్ళు మాత్రం పొమ్మన్నా పోయేవారు కాదు.

కడప వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, రోడ్లకు వేసే తారును పరీక్షించే గది ఆయన చేతి కింద ఉండేది. దాని అసలు పేరు గుమ్మం మీద బోర్డులో ఎంత పొడుగ్గా ఉన్నా అందరూ తారుగది అనే పిలిచేవారు. తారు స్వభావమంతా వేడిలో ఉంది. చలికి పెళుసెక్కి పగుళ్ళు తీస్తుంది, ఎండకు మెత్తబడి లారీ చక్రాల కింద గాడులు పడుతుంది, ఇంకా వేడెక్కితే నూనెలా పారుతుంది. కాబట్టి ఫలానా తారు ఎంత మెత్తన అని ఎవరైనా అడిగితే, ఎంత వేడిలో అని ఎదురు అడగాలి. ఈ గొడవ లేకుండా లోకమంతా ఒక ఒప్పందానికి వచ్చింది. తారును కాచి చిన్న గిన్నెలో పోసి, చల్లార్చి, ఇరవైఐదు డిగ్రీల నీళ్ళలో నానబెట్టి, బరువు తగిలించిన సూదిని దాని మీద అయిదు సెకన్ల పాటు వదులుతారు. సూది లోతుగా దిగితే తారు మెత్తన, పైపైనే ఆగితే గట్టి.

ఇరవైఐదు డిగ్రీలని పుస్తకంలో రాసినవాళ్ళు కడప ఎండ చూసి ఉండరు. ఎండాకాలంలో అక్కడ కుళాయి తిప్పితే టీకి సగం కాగిన నీళ్ళు వస్తాయి. అందుకని తారుగదికి రోజూ సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెప్పించి, పగలగొట్టి, నీళ్ళలో వేసి, వేడి తగ్గేదాకా కాపలా కాసేవారు. జనం షర్బత్తులో వేసుకునే ఐసును ఈ చదువుకున్నవాళ్ళు తారుకు పెడుతున్నారని సోడా కొట్టు దగ్గర నవ్వుకునేవారు. ఐసు రాకపోతే పరీక్ష లేదు. వెచ్చటి నీళ్ళలో పెట్టిన తారులోకి సూది జారినట్టు దిగిపోతుంది, ఆ అంకెకు విలువ ఉండదు.

సారు దగ్గర పరిశోధన చేస్తున్నవాళ్ళలో పెద్దది వకుళ. ఆమె జాగ్రత్తను చూసి మిగిలినవాళ్ళకు భక్తి, కొంచెం విసుగు కూడా. గిన్నెలో పోసిన తారు ముఖం అద్దంలా ఉండాలి ఆమెకు. ఒక్క బుడగ కనిపించినా, అంచు ఏమాత్రం వంగినా ఊరుకునేది కాదు, గిన్నెలోది మళ్ళీ డబ్బాలో వంపి, డబ్బాను హీటరు మీద పెట్టి, కలియబెట్టి, కరిగించి, మళ్ళీ పోసేది. "అక్కా, నీ గిన్నెలో మొగం చూసుకోని తల దువ్వుకోవచ్చు" అని ఎగతాళి చేసేవాడు తిరుపాలు. వాడు ఆమెకంటే రెండేళ్ళు వెనక చేరాడు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనిలో పనిచేసే ఇంటి నుంచి వచ్చాడు. మాట తొందర, పని తొందర, నవ్వు మరీ తొందర. మధ్యాహ్నం అయితే అడగకుండానే ఆమె క్యారియరు మూత తీసి, చెనిక్కాయల చట్నీ ఉంటే సగం తన ముద్దకే వేసుకునేవాడు. తోడబుట్టినవాళ్ళు లేని వకుళకు ఆ చనువు ఎంతో ఇష్టంగా ఉండేది. పైకి మాత్రం కసురుకునేది.

ఒక కొండ కనుమ రోడ్డు మీద వేయడానికి వచ్చిన తారు నుంచి ఆ ఎండాకాలంలో రెండు డబ్బాల నమూనా పంపారు. రెండూ ఒకే ట్యాంకరు నుంచి పట్టినవి. ఒకటి పరీక్షకు, రెండోది ఏదైనా తగాదా వస్తే తీసి చూడటానికి సీలు వేసి సారు బీరువాలో ఉంచడం ఆ గదిలో రివాజు. ఆ రోజు వకుళ ఊళ్ళో లేదు. తిరుపాలు డబ్బా విప్పి, కాచి, పోసి, సూది వదిలి, తారు ఉండవలసిన దానికంటే బాగా మెత్తగా ఉందనీ, కనుమలో రాళ్ళ లారీలు దిగే మలుపుల్లో ఇది పనికిరాదనీ రాశాడు. తారు పంపినవాళ్ళు ఒప్పుకోలేదు, మళ్ళీ చూడమన్నారు. సారు అప్పటికి పరీక్ష పేపర్ల పని మీద విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఉన్నాడు. "వకుళమ్మా, నువ్వొకసారి చూడు" అని ఫోనులో చెప్పాడు.

వకుళ తిరుపాలు విప్పిన డబ్బానే తీసుకుని తన పద్ధతిలో పరీక్ష చేసింది. ఆ రోజు బుడగలు ఒక పట్టాన వదల్లేదు. చివరికి అద్దంలాంటి ముఖం వచ్చాక నీళ్ళలో పెట్టి, సూది వదిలి, అంకె చూసి ఉలిక్కిపడింది. తారు ఎలా ఉండాలో అలాగే ఉంది. తిరుపాలు రాసిన అంకెకూ దీనికీ పొంతన లేదు. చెయ్యి మారితే వచ్చే చిన్న తేడా కాదది. తిరుపాలు పరీక్ష చేసిన రోజు సంగతులు విచారిస్తే ఐసు సాయంత్రం దాకా రాలేదని తెలిసింది. అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు తిరుపాలు ఒక్కడే గదిలో ఉన్నాడనీ తెలిసింది. ఇక వేరే చెప్పేదేముంది? వెచ్చటి నీళ్ళలో పరీక్ష కానిచ్చి ఇరవైఐదు డిగ్రీలని రాసేశాడు. సారు గదిలో పొరపాటుకు క్షమాపణ ఉండేది. గిన్నె పగలగొట్టినా, సూది వంచినా ఒక్క మాట అనేవాడు కాదు. కొలవని అంకెను కొలిచానని రాసినవాడికి మాత్రం ఆ పూటతోనే తారుగది తలుపు మూసుకునేది, చదువూ ఆగిపోయేది. తిరుపాలు తిరిగి ఏ గని గట్టుకు చేరుకోవాలో ఆమెకు తెలుసు.

ఆమె అతన్ని పిలిచి అడిగింది. తిరుపాలు మొదట నవ్వాడు. "ఐసు రాల్యాదనే గదక్కా, నేనే బండేసుకోని పోయి సోడా కొట్లో తెచ్చినా. గోనెసంచి కారి నా ప్యాంటంతా తడిసిపాయ" అన్నాడు. వకుళ నవ్వలేదు. సోడా కొట్టుకు వెళ్ళి అడిగితే, రోజుకు ఎంతోమంది ఐసు కొంటారు, ఎవరు గుర్తుంటారమ్మా అన్నాడు కొట్టతను. నిజాయితీ గల మనిషి కాబట్టి ఆమె తన పరీక్షను కూడా నమ్మకుండా, మళ్ళీ డబ్బా కాచి, పోసి, రెండోసారి చేసింది. ఈసారి సూది ఇంకా తక్కువ దిగింది. తిరుపాలు అంకె మరింత దూరమయింది. అబద్ధం ఎంత పెద్దదో అప్పుడు గాని తెలియలేదనుకుని ఆమె నిర్ఘాంతపోయింది.

రెండోసారి అడగడం విచారణలాగే సాగింది. ఏ బండి, ఏ సంచి, ఎంత ఐసు, థర్మామీటరు ఎన్నిసార్లు చూశావు, చూసినప్పుడు పక్కన ఎవరున్నారు? తిరుపాలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. చెప్పేకొద్దీ ముఖం ఎర్రబడింది. "నన్ను అడుగుతాండేది నువ్వేనా అక్కా? నీ చేతి ముద్ద నాకు పెట్టి, నా చేతి పని చూసి, ఇన్నాళ్ళు పక్కన కూచున్న దానివి, నువ్వేనా?" అన్నాడు. గొంతు పెద్దదయింది. తప్పు చేసినవాళ్ళే గొంతు పెంచుతారని వకుళ ఎక్కడో చదివింది. నిజానికి ఆమె మనసు కూడా లోపల కుతకుతలాడుతోంది. తమ్ముడిలా చూసుకున్నవాడు మోసం చేశాడన్న బాధ ఆమెను మరింత కఠినంగా చేసింది. పరాయివాడైతే ఇంత పట్టుదల ఉండేది కాదేమో.

ఇంకొక్కసారి చూసి తేల్చేద్దామని మళ్ళీ డబ్బాను హీటరు ఎక్కించింది. మూడో అంకె రెండోదానికంటే తక్కువ. ఈసారి ఆమె అతన్ని అందరి ముందూ అడిగింది. నలుగురిలో అడిగితే దాచలేడని ఆమె ఉద్దేశం. తిరుపాలు చేతిలో ఉన్న సూదిని గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. "మీరెట్ల రాసుకుంటే అట్లనే మేడం" అన్నాడు.

ఆ మాట విని చుట్టూ ఉన్నవాళ్ళు కొయ్యబారిపోయారు. ఆ గదిలో ఆమెను మేడం అని పిలిచినవాడు అంతవరకూ లేడు. వకుళకు చెంప మీద కొట్టినట్టే ఉంది. అయినా ఆమె దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంది. నిజం చెప్పేవాడైతే మూడోసారి కూడా అదే నిజం చెప్పడా? ఎందుకు మూగబోయాడు? చదువుకున్నవాళ్ళకు ఇలాంటి తర్కం ఎప్పుడూ కొదవ ఉండదు.

మర్నాడు పొద్దున దైవసహాయం సారు ఊరి నుంచి వచ్చాడు. సంచి ఇంకా భుజాన ఉండగానే వకుళ వరండాలో ఎదురుపడి అంతా చెప్పింది. చెప్పి, చివరికి అడిగింది.

"మూడు తూర్లు పరీక్ష చేసినా సార్, మూడు తూర్లు వాణ్ణి అడిగినా. ప్రతి తూరీ అంకె వాడు చెప్పినదానికి ఇంకా దూరం పోతాంది. వాడూ అంతే. మొదుట నవ్వినాడు, తర్వాత అరిచినాడు, ఇప్పుడు నోరే తెరవడు. మనిషి నిజం బయటికి రావాలంటే ఇంకెన్ని తూర్లు అడగాల సార్?"

సారు సంచి కుర్చీలో పెట్టి, జేబులోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచి, సీలు వేసిన రెండో డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది విప్పి ఒక్క తూరి కాంచి, ఒక గిన్నె పొయ్యమ్మా. నీ డబ్బాలోది ఇంకో గిన్నె పొయ్యి" అన్నాడు. ఆమెకు కొంచెం నిరాశ కలిగింది. ఇంత పెద్ద సంగతిలో కూడా ఈయన పనే చెబుతాడా అనుకుంది. అయినా సంతోషించింది కూడా. సారు కళ్ళ ముందే తేలిపోతుంది, ఆ తర్వాత తన మీద భారం ఉండదు.

గిన్నెలు రెండూ గాలికి చల్లారాయి. సోడా కొట్టు నుంచి ఐసు వచ్చింది. నీళ్ళు ఇరవైఐదుకు దిగాక గిన్నెలు నీళ్ళలో నానాయి. సారు కిటికీ దగ్గర పేపరు చదువుకున్నాడు. గంట గడిచాక వకుళ కొత్త డబ్బా గిన్నెను సూది కింద పెట్టి, సూది మొనను తారు ముఖానికి ఆనించి, మీట నొక్కింది.

సూది దిగింది. ఆమె ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. ఇంకా దిగింది. మీట వదిలి, లోతు చూపే ముల్లు ఎక్కడుందో వకుళ చూసింది. అది తిరుపాలు అంకె. వెంట్రుకవాసి తేడాతో అదే అంకె. ఆమె థర్మామీటరు తీసి చూసింది, ఇరవైఐదే. సూది తుడిచి, గిన్నెలో ఇంకోచోట వదిలింది, అంతే దిగింది. మూడోచోట కూడా అంతే దిగింది. తన డబ్బా గిన్నెను పెట్టి చూసింది. సూది పైపైనే ఆగిపోయింది. నిన్నటికంటే కూడా తక్కువ.

"రెండూ ఒక ట్యాంకరువి కావేమో సార్" అంది.

"అట్ల గూడా అయ్యుండొచ్చు" అన్నాడు సారు పేపరు మడుస్తూ. "ఆ కొత్త డబ్బాలో మిగిలిందాన్ని నువ్వు రోజూ ఎట్ల చేస్తావో అట్లనే చెయ్యి. బుడగొస్తే మల్లా డబ్బాలోకి వంచు, కాంచు, పొయ్యి. సూది వదిలినాక అదీ వంచు, కాంచు, పొయ్యి. నేను యాడికీ పోను."

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమె అదే పని చేసింది. మొదటిసారి వంచి కాచాక సూది కాస్త తక్కువ దిగింది. అది పొరపాటనుకుంది. మళ్ళీ కాచింది, ఇంకా తక్కువ దిగింది. ఆ తర్వాత ఆమె చేతులు వాటంతటవే పని చేశాయి. కాచిన కొద్దీ తారు గట్టిపడుతోంది. కాచిన కొద్దీ సూది పైపైకి వస్తోంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు, ఆ కొత్త డబ్బా తారులో సూది సరిగ్గా ఆమె మూడో అంకె దగ్గరికొచ్చి ఆగింది. వకుళ స్టూలు మీద కూలబడి, ఆ ముల్లు వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇందులో ఆమెకు తెలియని శాస్త్రం ఏమీ లేదు. అదే ఆమెను ఎక్కువ చంపింది. గాలి తగిలేలా తారును కాచినప్పుడల్లా దానిలోని తేలిక నూనెలు ఆవిరై పోతాయి, మిగిలింది గట్టిపడుతుంది. అందుకే ఒకసారి పోసిన తారును తిరిగి డబ్బాలో వంచకూడదు. తారుగదిలో మొదటి వారం చెప్పే పాఠం ఇది. ఈ ఏడు చేరినవాళ్ళకు ఆ పాఠం చెప్పింది వకుళే. చెప్పిన నోరు చెబుతూనే ఉంది, పోసే చెయ్యి అద్దంలాంటి ముఖం కోసం వంచుతూనే ఉంది. తిరుపాలు ఒకసారి కాచి, పోసి, చూసింది చూసినట్టు రాశాడు. ఆ తర్వాత ఆ డబ్బా ఆమె చేతిలో పడి ఎన్నిసార్లు నిప్పు చూసిందో లెక్క లేదు. తారును తానే గట్టిపరిచి, ఇది గట్టిగా ఉంది కదా, మెత్తగా ఉందని ఎందుకు రాశావని వాణ్ణి నిలదీసింది. అందరి ముందూ నిలదీసింది.

"అయ్యో" అంది పైకే. సారు ఆ తారు మెత్తనిదేననీ, కనుమకు పనికిరాదనీ రాసి సంతకం చేసి, మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందు పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

తిరుపాలు వెనక వసారాలో కిరసనాయిలు గుడ్డతో గిన్నెలు తుడుస్తున్నాడు. మూడు రోజులుగా అతనికి అప్పజెప్పిన పని అదే. వకుళ వెళ్ళి ఎదురుగా నిలబడింది. "నువ్వు రాసిందే నిజంరా. నేనే తారును పాడు చేసినా. నిన్ను దొంగను చేసినా. నన్ను క్షమించు తిరుపాలూ" అంది, అంటూనే ఏడ్చేసింది. తిరుపాలు లేచి నిలబడ్డాడు. నల్లటి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. అతని కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. "ఏడవాకక్కా. వదిలెయ్. తెలిసింది గదా, సాల్లే" అన్నాడు. అక్కా అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె గుండె మీది బండ దిగిపోయింది. అప్పటికప్పుడే అందరినీ పిలిచి, అడిగింది అందరి ముందు కాబట్టి, తప్పు తనదని చెప్పింది కూడా అందరి ముందే. ఆమెలో ఆ నిజాయితీకి లోటు లేదు.

మర్నాడు పెద్ద క్యారియరు తెచ్చింది. తిరుపాలు సంగటి తిన్నాడు, చట్నీ బాగుందన్నాడు, ఎవరో ఏదో అంటే నవ్వాడు. ఒక వారం అలాగే గడిచింది. పీడకల వచ్చి పోయిందనుకుంది వకుళ. ఇంత తొందరగా క్షమించే మనసు తనకు ఉండేదా అని రాత్రిళ్ళు తనలో తాను అనుకుని సిగ్గుపడేది కూడా.

వారం తర్వాత మరో చోటి నుంచి తారు వచ్చింది. అది తిరుపాలు వంతు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. గదిలో వకుళ, తిరుపాలు ఇద్దరే ఉన్నారు. ఆమె తన బల్ల దగ్గర ఏదో చదువుకుంటోంది. తిరుపాలు నీళ్ళలోంచి గిన్నె తీసి సూది కింద పెట్టాడు, మొన ఆనించాడు, మీట మీద వేలు పెట్టాడు. పెట్టినవాడు ఆగాడు. వేలు తీసేసి గుమ్మం దాకా వెళ్ళి, బయట నీడలో కూర్చున్న అటెండరును పిలిచాడు.

"ఓబులేసన్నా, రొంత ఇట్ల వచ్చి నిలబడు."

ఓబులేసు చేతిలోని బీడీ ఆర్పి లోపలికి వచ్చాడు. వకుళ తలెత్తింది. ఏం జరుగుతోందో ఆమెకు ముందు అర్థం కాలేదు. తిరుపాలు థర్మామీటరును నీళ్ళలోంచి కొద్దిగా ఎత్తి అతనికి చూపించాడు. "ఎంతుంది అన్నా? ఇరవై అయిదు గదా? సరిగ్గా చూడు. బాగా గుర్తు పెట్టుకో, రేపు ఎవరన్నా అడిగితే నువ్వు చూసినానని చెప్పాల" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. దెప్పిపొడుపు కూడా లేదు. కుర్చీ కాస్త జరపమన్నంత మామూలుగా అన్నాడు.

"తిరుపాలూ, నేనుండా గదరా ఈడ్నే!" అంది వకుళ. ఆ మాట ఆమె నోటి నుంచి అరుపులా వచ్చింది.

తిరుపాలు ఆమె వైపు తిరిగాడు. చిన్నగా నవ్వాడు కూడా. "నువ్వుండావులే అక్కా" అన్నాడు మెల్లగా. అని, ఓబులేసును ఇంకొంచెం దగ్గరికి పిలిచి, సూది వదిలాడు.

వకుళ చేతిలోని పెన్ను కింద పడింది, ఆమె తీయలేదు. అరిచి ఉంటే, తిట్టి ఉంటే, మేడం అని ఉంటే కూడా ఇంత దిగ్భ్రాంతి కలిగేది కాదు. తన పక్కన తాను కూర్చుని ఉండగా, తన నుంచి కాపాడుకోవడానికి వాడు సాక్షిని పిలుచుకున్నాడు. అందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. చెప్పులు బయట విడిచినంత సహజంగా చేశాడు. ఇక ముందు కూడా అలాగే చేస్తాడని ఆమెకు తెలిసిపోయింది.

లేచి వరండాలోకి వచ్చింది. సారు అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, కిటికీలోంచి అంతా చూసినట్టే ఉన్నాడు. వకుళ ఒక్క ఊపున అడిగేసింది.

"ఆపొద్దు క్షమించినాడు సార్. నా ముందరే ఏడ్చినాడు, అక్కా అన్నాడు, నా చేతి అన్నం తిన్నాడు. అంతా కరిగిపాయ అనుకున్నా. మల్లా ఇదేంది సార్?"

దైవసహాయం సారు గదిలోకి చూశాడు. లోపల తిరుపాలు సూదిని గుడ్డతో శ్రద్ధగా తుడుస్తున్నాడు, పక్కన ఓబులేసు ఎందుకో తెలియకుండానే నిటారుగా నిలబడి ఉన్నాడు.

"వేడి తగిలితే కరగని తారు ఉండదమ్మా" అన్నాడాయన. "చల్లారినాక గదా మనం సూది వదిలేది."